రంగంలో టోక్యో టైము

ఒరే మనవడా, ఆ రేకు పెట్టె మంటలో వెయ్యకు. తుప్పు పట్టిందంటావు, నిజమే. లోపల కాగితాలు చెదలు కొట్టాయంటావు, అదీ నిజమే. అయినా ఇలా ఇవ్వు. భోగి మంటకి ఆ విరిగిన మంచం కోళ్ళు చాలవా, తాటాకులు చాలవా? ఇదెందుకూ? ఇలా దగ్గరికొచ్చి కూచోండి అందరూ. ఆ దుప్పటి ఒకటి నా భుజాల మీద వెయ్యి తల్లీ. తొంభై దాటాయి, మంట ముందున్నా వీపుకి చలే.

ఇందులో ఏటున్నాయంటే, నాలుగు వస్తువులు. ఒక పతకం, ఒక నోటు, ఒక చిన్న పుస్తకం, ఒక చీటీ. నాలుగూ కలిపి మూడు దొరతనాలవి. మా ఇల్లు మాత్రం ఒకటే.

మాది కళింగపట్నం దగ్గర పల్లె. మా అయ్య పాతికేళ్ళకి రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూన్. మావాళ్ళెవరూ రంగూన్ అనేవారు కాదు. ఊళ్ళో వానలు లేని ఏడు మేస్త్రీ వచ్చేవాడు. చేతిలో ముందు డబ్బు పెట్టేవాడు, వేలిముద్ర వేయించుకునేవాడు, స్టీమరు టిక్కెట్టు కొనేవాడు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, ఈ రేవులన్నిట్లోనూ రంగం స్టీమరు ఆగేది. డెక్కు మీద చాప పరుచుకుని, సముద్రం నీళ్ళు మీద పడుతుంటే కక్కుకుంటూ వెళ్ళేవారు. అక్కడ దిగగానే టిక్కెట్టు బాకీ, తిండి బాకీ, గది బాకీ. ఒక గదిలో ముప్పై మంది. పగటి పనివాడు లేచిన చాప మీద రాత్రి పనివాడు పడుకునేవాడు. చాప చల్లబడేదే కాదురా అనేవాడు మా అయ్య.

అప్పటికి బర్మా కూడా ఇండియాలోదే. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో మనదేశపోళ్ళు పది లక్షల పైచిలుకు, రంగం పట్నంలోనైతే సగానికి పైగా మనవాళ్ళే. రేవులో బస్తా మోసేది తెలుగోడు, ఊరు ఊడ్చేది తెలుగోడు, బియ్యం మిల్లులో తెలుగోడు. తెల్లదొరలు మమ్మల్ని 'కొరింగీ' అని రాసుకునేవారు. కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళని. ఆ కోరంగిని 1839 తుఫానే ముంచేసింది. మా అయ్య ఆ ఊరు చూడనైనా చూడలేదు. అయినా వందేళ్ళ తర్వాత ఆయనకి ఆ మునిగిపోయిన రేవు పేరే.

బర్మావాళ్ళు మమ్మల్ని 'కలా' అనేవారు. అంటే పడమటి నుంచి వచ్చిన పరాయివాడని. తెల్లదొరనీ అదే మాటతో అనేవారు, ముందు 'తెల్ల' అన్న మాట ఒకటి చేర్చి. మొదట్లో నాకిది తెగ నవ్వొచ్చేది. దొరా మేమూ ఒకే జాతా అని. తర్వాత తెలిసింది అది నవ్వే మాట కాదని. దొర దేశాన్ని పట్టుకున్నాడు, ఆ దొర తెచ్చిన కూలీలం మేము. దొరని కొట్టలేనివాడు మమ్మల్ని కొట్టాడు.

1930 మే నెల. గాంధీగారిని అరెస్టు చేశారు. అదే రోజు పెగూలో పెద్ద భూకంపం, రంగం కూడా ఊగిపోయింది. రేవులో మనవాళ్ళు సమ్మె కట్టారు. స్టీమరు కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి దింపాయి. సమ్మె ముగిసింది, తెలుగువాళ్ళు తిరిగొచ్చారు, బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న మొదలైంది కొట్లాట. వందమందికి పైగా చచ్చారు, ఎక్కువ మంది మనవాళ్ళే. మా అయ్యని ఒక బర్మా ఆవిడ తన ఎండుచేపల గుడిసెలో దాచింది. రెండు రాత్రులు చేపల బుట్టల కింద. ఆ తర్వాత బతికినంత కాలం ఎండుచేప ముట్టలేదు మా అయ్య. ఆ ఆవిడ పేరు మాత్రం రోజూ తలుచుకునేవాడు. ఆవిడ కొడుకు ఆ రోజు కత్తి పట్టుకుని వీధిలో తిరుగుతున్నాడట, అదీ చెప్పేవాడు.

1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి వేరుచేశారు. మా అయ్య రోజులాగే పొద్దున్నే లేచి రేవుకి వెళ్ళాడు. రాత్రి పడుకున్నది స్వదేశంలో, లేచింది పరదేశంలో. బస్తా బరువు మారలేదు.

నేను పుట్టింది 1934లో. 1941 డిసెంబరు 23 నాకు బాగా గుర్తు. అప్పటికి ఏడేళ్ళవాణ్ణి. పొద్దు బారెడెక్కింది. విమానాల మోత వినపడింది. దాక్కోవాలని ఎవరికీ తెలీదు. జనమంతా వీధుల్లోకొచ్చి తలలెత్తి చూశారు. మా అమ్మ కూడా నన్ను ఎత్తుకుని చూపించింది, 'వెండి కొంగల్లా ఉన్నాయి చూడు' అని. తర్వాత పడ్డాయి బాంబులు. ఎందరు చచ్చారో, అలా చూస్తూ చచ్చినవాళ్ళే ఎక్కువ. పండగ రోజున, 25న, మళ్ళీ వచ్చాయి. అంతే, రేవు ఖాళీ. వీధులూడ్చేవాడు లేడు, శవం ఎత్తేవాడు లేడు. రెండు రోజులు మావాళ్ళు పనిలోకి వెళ్ళకపోయేసరికి సామ్రాజ్యం కంపు కొట్టింది. దొరలకి అప్పుడు తెలిసింది కొరింగీ ఎవరో.

ఓడలో చోటు కావాలంటే డబ్బుండాలి, లేకపోతే తెల్లతోలుండాలి. మిగిలినవాళ్ళు నడిచారు. నాలుగు లక్షలో, అయిదు లక్షలో అంటారు. ప్రోమ్ దాకా, అక్కడినుంచి కొండలెక్కి టాంగప్, అక్యాబ్, పడవ మీద చిట్టగాంగ్. ఇంకొందరు ఉత్తరంగా తాము మీదుగా మణిపూరుకి. ఆ దారిలో తెల్లవాళ్ళకి వేరే బాట, నల్లవాళ్ళకి వేరే బాట పెట్టారని మన దేశంలో పెద్ద గొడవ లేచింది. కలరా, మలేరియా, దాహం. వేలకి వేలు పోయారు.

మేము ప్రోమ్ దాకా వెళ్ళాం. మా అమ్మకి నెలలు నిండాయి. ఇక కొండ ఎక్కలేదు. మా అయ్య అక్కడే ఆగిపోయాడు. మా చిన్నాన్న పెళ్ళికానివాడు, ఇరవై రెండేళ్ళవాడు. నువ్వు వెళ్ళరా, ఊళ్ళో అమ్మకి చెప్పు మేము బతికున్నామని, అన్నాడు మా అయ్య. మా అమ్మ తన వెండి మొలతాడు తీసి చిన్నాన్న నడుముకి కట్టింది. దారిలో తిండికి కాదు, అత్తకిమ్మని. ఈ మొలతాడు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మమ్మల్ని ఒక బౌద్ధ మఠం స్వామి దాచాడు. జపానువాళ్ళ వెంట వచ్చిన బర్మా కుర్రాళ్ళు కలా అన్నవాణ్ణి దోచుకుంటున్న రోజులు. ఆయన మఠం గుమ్మంలో కూచుని చుట్ట కాలుస్తూ, 'లోపల ఎవరూ లేరు' అన్నాడు. సన్యాసి అబద్ధమాడాడు. అదే రాత్రి మీ చిన్నతాత పుట్టాడు. పుట్టగానే కేరు కేరుమన్నాడు. వాళ్ళు విన్నారు. వినీ వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారో నాకిప్పటికీ తెలీదు.

అక్కడ చిన్నాన్న చిట్టగాంగ్ చేరి, రైలెక్కి, ఎముకల గూడులా ఊరు చేరాడు. చేరిన వారానికే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. 'నన్ను వెతుక్కుంటూ వచ్చేశార్రా' అనేవాడు నవ్వుతూ. ఊళ్ళో పని లేదు, గింజ లేదు. పయనీర్ కంపెనీలో కూలీలని చేర్చుకుంటుంటే చేరిపోయాడు. ఖాకీ నిక్కరు, రెండు పూటల తిండి. మణిపూరు కొండల్లో తెల్లోడి ఫౌజు కోసం రోడ్లు కొట్టాడు. దేశభక్తి కోసం చేరాడా, రాజభక్తి కోసం చేరాడా అని నువ్వడుగుతావు. ఆకలి కోసం చేరాడు.

రంగంలో మా సంగతి చూడండి. మరుసటేడు మేము పట్నానికి తిరిగొచ్చాం. జపానోడు గడియారాలన్నీ టోక్యో టైముకి తిప్పించాడు. రెండున్నర గంటలు ముందుకి. సంక్రాంతి రోజుల్లో తొమ్మిది కొడితే గానీ పొద్దు పొడిచేది కాదు. చీకట్లో బడికెళ్ళేవాణ్ణి. జపానులో పొద్దు పొడిస్తే మా ఊళ్ళో తెల్లారినట్టే లెక్క. మా అమ్మ మాత్రం కోడి కూస్తేనే లేచేది. 'కోడికి జపాను భాష రాదు' అనేది.

డబ్బు కూడా మారింది. ఇదిగో, ఈ నోటు చూడండి. పది రూపాయలు. వరస అంకెలు లేవు, వట్టి అక్షరాలే. బర్మాకి గుర్తుగా 'బి' అక్షరం. జపాను ప్రభుత్వం అడగ్గానే చెల్లిస్తుందని రాశారు, అదీ ఇంగ్లీషులో! ఇంగ్లీషువాణ్ణి తరిమినవాడు మాటివ్వడానికి ఇంగ్లీషే వాడుకున్నాడు. ఆ మాట కూడా ఇంగ్లీషువాడి మాటలాంటిదే అయింది. 1945లో తెల్లోడు తిరిగొచ్చి ఈ నోట్లు చెల్లవన్నాడు. బస్తాల కొద్దీ నోట్లతో మేము పిల్లలం గాలిపటాలు కట్టుకున్నాం.

జపాను సిపాయి ఎదురైతే నడుం వంచి దండం పెట్టాలి. 'మాస్టర్' అనాలి. మరిచిపోతే చెంప చెళ్ళుమనేది. మా అయ్య రేవులో ముప్ఫై ఏళ్ళ మగవాళ్ళు, పిల్లల ముందు చెంపదెబ్బ తిని, పడ్డ తలపాగా తీసుకుని, మళ్ళీ దండం పెట్టడం చూశాను నేను. సయాం రైలు పనికని పట్టుకెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి రానే లేదు.

అలాంటప్పుడు వచ్చాడు నేతాజీ. 1943 అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వం పెట్టాడు, 44 జనవరిలో కార్యస్థానం రంగానికి మార్చాడు. మా అయ్యకి హిందుస్తానీ అంతంతమాత్రం. మీటింగుకి వెళ్ళొచ్చి, 'ఏం చెప్పాడయ్యా' అంటే, 'అంతా అర్థం కాలేదు గానీ, మనవైపు చూసి మాట్లాడాడు' అన్నాడు. ఫౌజు సరుకుల గోదాములో చేరాడు. మొదట్లో ఎందుకు చేరాడో నిజం చెప్పేస్తాను, మా అయ్య లేడు కదా సిగ్గుపడ్డానికి. చొక్కాకి ఆజాద్ హింద్ బిళ్ళ ఉంటే జపాను సిపాయి చెంపదెబ్బ కొట్టేవాడు కాదు. అందుకని.

కానీ మనిషి మొదలెట్టినచోటే ఉండిపోడు. ఆరు నెలలయ్యేసరికి మా అయ్య నడక మారింది. అదివరకు వీపు వంచి, బస్తా లేకపోయినా బస్తా ఉన్నట్టు నడిచేవాడు. ఇప్పుడు నిటారుగా నడుస్తున్నాడు. మా అమ్మ గుర్తుపట్టి నవ్వింది. 1945 జనవరి 23న నేతాజీ పుట్టినరోజుకి ఆయన్ని బంగారంతో తూచినప్పుడు మా అమ్మ ముక్కుపుడక ఇచ్చేసింది. ఇంట్లో ఉన్న బంగారం అదొక్కటే. మా అయ్య ఇమ్మనలేదు. ముక్కుకి పుల్ల పెట్టుకుని తిరిగింది చచ్చేదాకా.

నేతాజీ బహదూర్ షా సమాధికి కూడా వెళ్ళాడు. ఢిల్లీ పాదుషాని తెల్లోడు రంగం తెచ్చి పడేశాడు, 1862లో ఇక్కడే పోయాడాయన. బర్మా రాజు తీబాని 1885లో ఇండియాకి తోలి రత్నగిరిలో పెట్టాడు. రాజులని కూడా కూలీల్లాగే అటువాణ్ణి ఇటూ ఇటువాణ్ణి అటూ వేశాడన్నమాట. రాజులకి మేస్త్రీ బాకీ లేదు, అంతే తేడా.

మరి బర్మావాళ్ళ సంగతి? వాళ్ళ ఆంగ్‌సాన్ జపానువాళ్ళ దగ్గర యుద్ధం నేర్చుకుని, వాళ్ళతో కలిసి తెల్లోణ్ణి తరిమాడు. 1945 మార్చి 27న తిరగబడి జపానోణ్ణే కొట్టాడు. ఆయన్ని ఆ దేశం తండ్రి అంటుంది. తప్పేమీ లేదు. నాయకుడు పక్షం మారితే చరిత్ర, కూలీ పక్షం మారితే ద్రోహం, ఈ లెక్క మాత్రం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

1945 మే 3న తెల్లోడి సేన రంగంలో దిగింది. గడియారాలు మళ్ళీ రెండున్నర గంటలు వెనక్కి. ఆజాద్ హింద్ వాళ్ళని జైల్లో పెట్టి విచారించారు. మూడు రంగుల లెక్క. తెల్లవాడంటే రాజభక్తుడు. బూడిదవాడంటే మోసపోయినవాడు. నల్లవాడంటే మనసా వాచా శత్రువు. జైలు గేటు దగ్గర మా అమ్మా నేనూ రోజూ నిలబడేవాళ్ళం. ఒకరోజు ఖాకీ నిక్కరుతో ఒక మనిషి మా వెనకనుంచి 'వదినా' అన్నాడు. చిన్నాన్న! వాళ్ళ కంపెనీని రేవు పనికి తెచ్చారు. అదే రేవు, అవే బస్తాలు. గేటు లోపల వరసలో మా అయ్య, బయట చిన్నాన్న. లోపలి నిక్కరూ బయటి నిక్కరూ ఒకే గుడ్డ. ఆజాద్ హింద్‌కి దొరికిందంతా తెల్లోడి దగ్గర పట్టుకున్న సరుకే కదా. పదకొండేళ్ళ నాకు ఎవరు ఎవరి సిపాయో బోధపడలేదు.

మా అయ్య వంతు వచ్చింది. దొర అడిగాడట, నువ్వు అంతకుముందు ఏ రెజిమెంటు అని. రేవులో కళాసీనండి అన్నాడు. ఏ రంగులో వెయ్యాలో దొరకి తోచలేదు. చీటీ మీద ఒక్క మాట రాసి పంపేశాడు. ఇదిగో ఆ చీటీ. 'కూలీ'. మూడు రంగుల్లో ఏదీ కాదు. మా అయ్య ఏడ్చింది ఆ రోజే చూశాను. ఎందుకేడ్చాడంటే, విడిచిపెట్టినందుకు కాదు. నల్లవాడని రాస్తారనుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ చాలాకాలం మాట్లాడుకోలేదు. ఒకడు జపానోడి పక్షం, ఒకడు తెల్లోడి పక్షం, అందుకే పడలేదని వాడంతా అనుకున్నారు. మేమూ అలాగే చెప్పుకున్నాం, గౌరవంగా ఉంటుందని. అసలు గొడవ మొలతాడు. టాంగప్ కొండ మీద కుండెడు నీళ్ళకి చిన్నాన్న దాన్ని ఇచ్చేశాడు. మా అయ్య నమ్మలేదు. ఇంత వెండికి ఒక కుండా అన్నాడు. ఆ కొండ ఎక్కనివాడికి తెలీదు మరి. 47లో చిన్నాన్న ఊరికి వెళ్ళిపోయాడు. ఈ బర్మా స్టార్ పతకం పోయేముందు నాకిచ్చాడు. దీనికి పింఛను లేదు. సంతలో అడిగితే కంచు ధర చెప్పారట.

1948 జనవరి 4న బర్మాకి స్వతంత్రం. మళ్ళీ అడిగారు, మీరెవరని. బర్మా పౌరులుగా రాయించుకోవచ్చన్నారు. మా అయ్య రాయించుకోలేదు. 'ఆ బిళ్ళ పెట్టుకున్నాక ఇంకో జెండా ఎలా' అన్నాడు. ప్రతి ఏడూ డబ్బు కట్టి పరదేశి పుస్తకం తీసుకునేవాళ్ళం, ఇదిగో ఇది. నేను బర్మాలో పుట్టి, బర్మా బడిలో చదివి, బర్మా పాటలు పాడి, పరదేశిని. పెద్దయ్యాక చిన్న పచారీ కొట్టు పెట్టాను. 1962లో నెవిన్ మిలటరీ రాజ్యం. 64 మార్చిలో కొట్లు ప్రభుత్వం తీసేసుకుంది. ఒక పొద్దున వచ్చి, ప్రజల దుకాణం అని నంబరు బోర్డు కొట్టి, తాళాలు తీసుకున్నారు. మే 17న యాభై, వంద నోట్లు చెల్లవన్నారు. రెండోసారి నా చేతిలో డబ్బు కాగితమైంది. ఈసారి గాలిపటం కట్టుకునే వయసు కాదు.

ఇక బర్మా విడిచి వచ్చేశాం. ఓడ ఎక్కేముందు రేవులో తనిఖీ. ఒక అధికారి మీ నాయనమ్మ మంగళసూత్రం తీసి బల్ల మీద పెట్టమన్నాడు. మా అమ్మని చూసి, ముక్కున పుల్ల చూసి, 'ఈవిడ దగ్గర ఏమీ లేదు' అని పంపేశాడు.

విశాఖ రేవులో దిగాం. కంచరపాలెం దగ్గర ఈ బర్మా క్యాంపు. మా తెలుగు విని జనం నవ్వారు. మా తాతల నాటి మాటలు ఓడలో అలాగే దాచి తెచ్చుకున్నాం, ఇక్కడ అవి ఎప్పుడో పోయాయి. మీ నాయనమ్మ బుగ్గలకి తనకా గంధం రాసుకుంటే ముఖానికేటైంది అని అడిగేవారు. అరటిదూటతో మొహింగా వండితే మొదట వాసనకి ముక్కు మూసుకున్నారు, ఇప్పుడు బళ్ళ దగ్గర వరస కడుతున్నారు. తిండి త్వరగా స్వదేశీ అయిపోతుంది. మనిషికి టైము పడుతుంది.

72లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను అన్నారు. మా అయ్యని తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాను. జైల్లో ఉన్నట్టు కాగితం చూపించమన్నాడు అక్కడ కూచున్నతను. మా అయ్య ఈ చీటీ తీసిచ్చాడు. అతను చదివి, అటూ ఇటూ తిప్పి, 'ఇందులో కూలీ అని ఉంది తాతా' అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. మా అయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మెట్లు దిగేటప్పుడు నిటారుగానే దిగాడు. మళ్ళీ ఏ ఆఫీసుకీ రాలేదు.

కట్టె ఎగదొయ్యండి, మంట తగ్గింది.

ఈమధ్య ఇంటింటి సర్వే అని ఒక కుర్రాడు వచ్చాడు, ఫోనులో రాసుకుంటూ. పుట్టిన ఊరు తాతగారూ అన్నాడు. రంగం అన్నాను. ఏ జిల్లా అన్నాడు. చెప్పేలోపే రంగంపేట అని నొక్కి, తూర్పు గోదావరి అని తనే నింపేసుకుని, వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. నేను దిద్దించుకోలేదు. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు.